అసలుదేనా అన్నది వేరు, ఎంత బాగుందన్నది వేరు

బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయిన పాత కార్డులను పరిశీలించి, ఎంత చక్కగా ఉన్నాయో చెబుతూ 1 నుంచి 10 వరకు ఒక అంకె (గ్రేడు) వేసి, ప్లాస్టిక్ స్లాబ్‌లో సీలు చేసి ఇవ్వడమే పనిగా పీఎస్ఏ అనే సంస్థ 1991లో కాలిఫోర్నియాలో మొదలైంది. అది మొదటి వరుస నంబరు ఇచ్చిన కార్డు హోనస్ వాగ్నర్ అనే పాతకాలపు ఆటగాడిది. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో ఉంచి పంచిన టీ206 వరుసలోని ఆ కార్డును, హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్‌కీ, తన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్‌తో కలిసి 1991లోనే సోథెబీస్ వేలంలో 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్ఏ దానికి 8 వేసింది. 2007లో అది 28 లక్షల డాలర్లకు చేతులు మారింది. 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి ఒక మోసం కేసులో నేరం అంగీకరిస్తూ, గతంలో తన దగ్గర ఉన్నప్పుడు ఆ కార్డు పక్క అంచులను కత్తిరించానని ఒప్పుకున్నారు.

ఆ కార్డు నకిలీ కాదు, అది నూరు పాళ్లూ వాగ్నర్ కార్డే. అరిగిన అంచులను కత్తిరిస్తే కార్డు కొత్తదానిలా కనిపిస్తుంది కనుక, తప్పు జరిగింది దాని మీద వేసిన అంకెలో. గ్రేడింగ్ వ్యవస్థలోని అసలు చిక్కు ఇదేనని నా అభిప్రాయం: కార్డు అసలుదా కాదా అన్న ప్రశ్నకూ, అది ఎంత చక్కగా ఉందన్న ప్రశ్నకూ ఒకే స్లాబ్‌లో, ఒకే లేబుల్ మీద, ఒకే నమ్మకంతో జవాబు చెబుతున్నారు.

మొదటి ప్రశ్నకు సాక్ష్యం ఉంటుంది. కాగితం మందం, సిరా, భూతద్దం కింద కనిపించే ముద్రణ చుక్కల అమరిక అన్నీ సమాధానం చెబుతాయి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చాయి కనుక, 1910 నాటిదని చెప్పే కార్డు అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగితే అనుమానించవలసిందే. రెండో ప్రశ్న అలాంటిది కాదు. గ్రేడు వేసేవారు చూసే నాలుగు అంశాల్లో, బొమ్మ కార్డు మధ్యలో ఉందా లేదా అన్న ఒక్కదాన్నే కొలబద్దతో తేల్చగలరు. మూలల పదును, అంచుల నునుపు, ఉపరితలం మీది గీతలు చాలావరకు చూసే కంటి మీదే ఆధారపడతాయి. స్లాబ్ పగలగొట్టి అదే కార్డును మళ్లీ పంపి ఎక్కువ అంకె కోసం ప్రయత్నించే వారు ఈ రంగంలో కొత్త కాదు. బంగారం మీది హాల్‌మార్క్ ఎన్నిసార్లు పరీక్షించినా మారని స్వచ్ఛతను చెబుతుంది, అందుకే దాన్ని ప్రమాణం అంటాం. కార్డు మీది 9 అనుభవజ్ఞుల అభిప్రాయం మాత్రమే. ఆ అభిప్రాయానికి విలువ లేదని నేను అనడం లేదు, దాన్ని కొలతగా చలామణి చేయడమే నా అభ్యంతరం.

నిజంగా అరుదైన కార్డు విషయంలో అంకె అంతగా ఏలదు. 2022 ఆగస్టులో కేవలం 2 గ్రేడు ఉన్న వాగ్నర్ కార్డు ఒకటి 72.5 లక్షల డాలర్లు పలికింది. అదే నెలలో టాప్స్ కంపెనీ 1952లో అచ్చు వేసిన, 9.5 గ్రేడు ఉన్న మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఇక్కడ అంకెకు బరువు ఉంది, కానీ ఆ కార్డుకు తనదైన చరిత్రా ఉంది. అమ్ముడుపోని 1952 కార్డుల పెట్టెలను టాప్స్ 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించింది. 1980ల చివర లెక్కకు మించి అచ్చయిన కార్డుల సంగతి పూర్తిగా వేరు. అప్పర్ డెక్ కంపెనీ 1989 వరుసలో మొదటిదైన, కెన్ గ్రిఫీ జూనియర్ అనే ఆటగాడి కార్డు దొరకడం ఏమాత్రం కష్టం కాదు. 10 వచ్చినదే అరుదు, కనుక 9కీ 10కీ మధ్య ధరలో అంతటి తేడా. అంటే ఇక్కడ కొరతను పుట్టించేది అచ్చుయంత్రం కాదు, లేబుల్.

అంత శక్తి ఉన్న లేబుల్‌కు రుసుము చెల్లించేది కార్డు యజమానే, పైగా కార్డు విలువ పెరిగేకొద్దీ పీఎస్ఏ రుసుమూ పెరుగుతుంది. పీఎస్ఏ మాతృసంస్థ కలెక్టర్స్ 2024లో పోటీదారు ఎస్‌జీసీనీ కొనేసింది. పరీక్షకుల నిజాయితీని నేను శంకించడం లేదు, కానీ ఎక్కువ అంకె వస్తే పంపినవారికీ పరీక్షించినవారికీ లాభం కలిగే ఏర్పాటులో, కొనుగోలుదారు తరఫున మాట్లాడేవారెవరూ లేరు.

అసలుతనాన్ని ఒక ధ్రువీకరణగా, స్థితిని మరో అభిప్రాయంగా విడదీసి ఇవ్వాలి. గ్రేడింగ్ చేసే మరో సంస్థ బెకెట్ ఆ నాలుగు అంశాలకూ విడివిడి అంకెలు ఇచ్చే పద్ధతిని ఎప్పుడో తెచ్చింది; ఆ అంకెలకు కారణాలు కూడా రాయడం అసాధ్యమేమీ కాదు. అంతకన్నా ముఖ్యం కార్డు చరిత్ర. 2019లో కొందరు సేకర్తలు పాత వేలం ఫొటోలను కొత్త స్లాబ్‌లలోని కార్డులతో పక్కపక్కన పెట్టి, కాగితం మీది సహజమైన మచ్చల ఆధారంగా రెండూ ఒకటేననీ, మధ్యలో అంచులు కత్తిరించారనీ చూపించారు. చేత్తో వాళ్లు చేసిన ఆ పోలికను యంత్రంతో చేయగల జెనమింట్ అనే సంస్థను పీఎస్ఏ మాతృసంస్థ 2021లో కొన్నది. ఆ సాంకేతికత సంస్థ లోపలి తనిఖీకే పరిమితం కాకూడదు. ఒక కార్డు ఎన్నిసార్లు వచ్చింది, ఏ అంకెలతో తిరిగి వెళ్లింది, అప్పటి ఫొటోల్లో ఎలా ఉందన్న వివరాలన్నీ స్లాబ్ మీది నంబరు కొట్టగానే కొనేవారికి కనిపించాలి.