మనకు బుక్‌స్టోర్ అంటే ఒక్క అర్థం కాదు
బుక్‌స్టోర్ అంటే ‘పుస్తకాలు అమ్మే దుకాణం’ అని బుక్‌స్టోర్ల గురించిన ఒక వ్యాసంలో ఒక్క మాటలో తేల్చేశారు. నిఘంటువు వరకు అది సరే, కడప, అనంతపురం వాడుకకు చాలదు. ఇక్కడ దుకాణం అనేదానికన్నా అంగడి అనేదే ఎక్కువ: ‘పుస్తకాల అంగట్లో దొరుకుతుంది పో’ అంటారు. బోర్డు మీద బుక్‌స్టోర్ అని ఉన్నా జూన్‌లో లోపల అమ్ముడయ్యేది నోటుబుక్కులు, అట్టలు, గైడ్లు. బస్టాండులో వారపత్రికలు వేలాడదీసేది బుక్ స్టాల్. దాన్నెవరూ స్టోర్ అనరు. కడపలోని బ్రౌన్ గ్రంథాలయం చదువుకునే చోటు, కొనే చోటు కాదు. లైబ్రరీని బుక్‌స్టోర్ అని రాసేవాళ్లు ఈ తేడా గమనించాలి. మాటలో ఉన్న ఈ కలగాపులగం కొనేటప్పుడు దెబ్బకొడుతుంది. ‘డిగ్రీ ఎకనామిక్స్ ఇవ్వన్నా’ అంటే చేతికొచ్చేది గైడే, పైగా పాత సిలబస్‌ది కావచ్చు. పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం నాలుగూ చెప్పాలి. వెనక అట్ట మీది 13 అంకెల ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరు, చెబితే ఇంకా మేలు. మన దేశపు పుస్తకాలకు అది ఎక్కువగా 978-81తోనో 978-93తోనో మొదలవుతుంది. కూర్పు (ఎడిషన్) మారితే నంబరూ మారుతుంది కాబట్టి పాతది అంటగట్టే వీలుండదు. నోటుబుక్కు కొంటే మాత్రం ఆకులు లెక్కబెట్టండి: 200 పేజీలంటే 100 ఆకులు, అట్టలు కాకుండా.