సకినాల దుప్పటి

చలికాలంలో చిన్నపిల్లల చలి వాళ్ళ ఒంట్లో ఉండదు, తల్లుల ఒంట్లో ఉంటుంది. నాకు వణుకు పుడితే మావాడికి స్వెటర్ వేస్తాను. మా అత్తమ్మకు వణుకు పుడితే దాని మీద ఇంకోటి వేస్తుంది. వాడు మాత్రం రెండూ విప్పి అవతల పారేసి, కట్ బనీను మీద గచ్చుపై బోర్లా పడుకుని చీమలతో మాట్లాడుతుంటాడు. వాడికి మూడేళ్ళు నిండాయి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం. అయినా నవంబరు నుంచి ఒక్కసారి కూడా మేం గెలవలేదు.

హన్మకొండలో జనవరి చలిని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. సముద్రం మనకు చాలా దూరం. మబ్బు లేని రాత్రి, పగలంతా కాగిన నేల ఇట్టే చల్లారిపోతుంది. తెల్లారి లేచేసరికి కొబ్బరి నూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. స్నానం బకెట్లో ఆ సీసాను ముంచి కరిగించి పిల్లల తలకు రాసేలోపు నీళ్ళే చల్లారతాయి. నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి దాన్ని చూసి చలిని కొలవడం తప్పే కానీ, మా ఇంట్లో ఉన్న థర్మామీటర్ అదొక్కటే. మా మామయ్య అయితే పేపర్‌ను నమ్ముతారు. పొద్దున్నే తెరిచి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఎన్ని డిగ్రీలకు పడిపోయిందో పైకి చదువుతారు. సింగిల్ డిజిట్ వచ్చిన రోజు ఆయన గొంతు మారిపోతుంది. ఆ చలిని తానే కష్టపడి సాధించినంత గర్వం.

మావాడి స్వెటర్ గురించి కూడా చెప్పాలి. ఏటా చలి మొదలుకాగానే రోడ్డు పక్కన గుడారాలు వేసి నేపాలీలు అమ్ముతారు చూడండి, అక్కడ కొన్నాం. కొన్నది మా ఆయన. “పెరిగే పిల్లగాడు, రెండేండ్ల దాకా వస్తది” అని రెండు సైజులు పెద్దది తెచ్చారు. చేతులు వేళ్ళు దాటి జానెడు వేలాడతాయి. ఆ వేలాడే భాగానికి మావాడు ఒక ఉపయోగం కనిపెట్టాడు. రుమాలు కొనే ఖర్చు మిగిలింది. మంకీ క్యాప్ సంగతి ఇంకా ఘోరం. అది పెడితే ముక్కు రంధ్రం దగ్గరికి చెవి వస్తుంది, కళ్ళ దగ్గరికి ఏదీ రాదు. దాంతోనే రెండడుగులు వేసి తలుపుకు గుద్దుకుని, ఇక ఈ జన్మలో పెట్టనని శపథం చేశాడు.

మా పెద్దది మూడో తరగతి. దానికి చలీ లేదు, భయమూ లేదు, దాపరికం అసలే లేదు. ఇంట్లో ఏం జరిగినా బయటివాళ్ళకు చెప్పేదాకా దానికి అన్నం అరగదు.

ఇక సకినాలు. సంక్రాంతికి సకినాలు చేయని ఇల్లు మా వైపు ఉంటే, ఆ ఇంట్లో ఏదో అయిందని వాడకట్టంతా పలకరించడానికి వస్తుంది. ఈసారి మా మామయ్యకు ఐనవోలు మల్లన్న జాతరకు పోవాలని ఉంది. అందుకని భోగికి ముందే పని అయిపోవాలని అత్తమ్మ హుకుం. 5 కిలోల కొత్త బియ్యం రాత్రే నానబెట్టి, పొద్దున వడకట్టి, నేనూ మా ఆయనా గిర్నికి మోసుకెళ్ళాం. పండగ ముందు గిర్ని దగ్గర లైను ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గిర్ని ఆయన అందరి టిఫిన్ల కేసి చూసి, “తడి బియ్యం సాయంత్రం, ముందుగాల పొడి పిండి పడ్తా” అన్నాడు. మా ఆయన వాదించారు, బతిమాలారు, చివరికి ఊరి వరస కలిపారు. గిర్ని ఆయనకు బావ అయ్యాక గానీ మా బియ్యం పడలేదు.

నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి పిండి తడిపి సిద్ధం చేసేసరికి వాడకట్టు ఆడవాళ్ళు వచ్చేశారు. ఒకరింట్లో సకినాలు సుట్టుడంటే అందరూ రావాల్సిందే. ఇవాళ మా ఇల్లు, రేపు ఎదురింటి అక్క ఇల్లు. ముందు అత్తమ్మ పిండితో చిన్న గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, పరిచిన బట్టకు ఒక మూల కూర్చోబెట్టింది. తర్వాత అందరి వేళ్ళూ తిరగడం మొదలుపెట్టాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని పురి తిప్పుతూ, చుట్టు మీద చుట్టు వదులుతూ పోవాలి. చూస్తే సులువు. అత్తమ్మ సకినం కంపాసు పెట్టి గీసినా అంత గుండ్రంగా రాదు. నాదాన్ని చూసి ఆమె నవ్వాపుకుని, “మన ఔటర్ రింగ్ రోడ్డు లెక్క ఉన్నది బిడ్డా. సురువైతది గానీ కలువది” అంది. పక్కింటి వదిన పిండి చేత్తోనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను పొయ్యి చూసే పనికి మారిపోయాను.

సకినాలు చుట్టేది ఎప్పుడూ పాత నూలు బట్ట మీదే. పిండిలోని తడిని బట్ట పీల్చుకోవాలి. కొత్త బట్ట పీల్చదు, టెరికాట్ అసలే పనికిరాదు. మా ఇంట్లో ఆ పదవి మామయ్య పాత పంచెది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన పంచె. ఇక్కడే ఒక సంగతి అందరం మరిచాం. మావాడు రోజూ రాత్రి పడుకునేది తాత పక్కన, తాత పంచె కొసను గుప్పిట్లో పట్టుకుని. స్వెటర్ అక్కర్లేదు, రగ్గు అక్కర్లేదు, బొంత అక్కర్లేదు. వాడు ఒప్పుకునే బట్ట ఈ లోకంలో అదొక్కటే.

దాబా మీద ఆరబెట్టొచ్చు కదా అంటారేమో. మా కాలనీలో దాబాలు మనుషులవి కావు, కోతులవి. కిందటేడు ఎదురింటివాళ్ళు వడియాలు పెడితే ఒక గుంపు వచ్చి, కూర్చుని, తీరిగ్గా తిని, నచ్చనివి విసిరేసి పోయింది. కాబట్టి హాల్లోనే, నేల మీద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సకినాలు.

ఆ రోజు ఎండ సరిగ్గా లేదు. సాయంత్రమైనా తడి ఆరలేదు. తడి మీద నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక సకినం టప్పున పేలుతుంది. కాగే నూనె మొహం మీదికి చిమ్ముతుంది. అట్లాగని మరీ ఆరనిచ్చామా, బట్ట మీంచి తీసేటప్పుడే ముక్కలవుతుంది. అత్తమ్మ ఒక సకినం అంచును వేలితో తట్టి చూసి, “ఇట్లయితే అర్ధరాత్రి అయితది. ఫ్యాను ఒకటి మీద పెట్టుర్రి” అంది.

జనవరిలో ఫ్యాను! మామయ్య మఫ్లర్ ఇంకో చుట్టు చుట్టుకున్నారు. “పోరనికి సర్ది జేస్తది” అన్నారు.

“పోరడేడ ఉన్నడు ఈడ? బయట ఆడుకుంటుండు.”

బయట ఆడుకుంటున్నవాడు ఎప్పుడొచ్చాడో, హాల్లో ఓ పక్కన వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీ మీద వాలి నిద్రపోయాడు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వచ్చినా రాకున్నా మా ఇంట్లో ఆ దర్రీ పని ఒక్కటే, వీడు ఎక్కడ వాలితే అక్కడ కింద ఉండటం. వాడి మీద రగ్గు కప్పి, “జర చూస్తుండండి” అని మా ఆయనకు చెప్పి వంటింట్లోకి పోయాను. ఆయన “చూస్తున్న” అన్నారు. ఫోన్లోంచి తల ఎత్తకుండా అన్నారు. ఆ మాట ఏ వస్తువు గురించి అన్నారో అప్పుడు అడగాల్సింది.

కడాయిలో నూనె పోశాం. కాగేలోపు చాయ్ తాగుదామని ఆడవాళ్ళమంతా వెనక గదిలో కూర్చున్నాం. గ్లాసు నోటి దాకా పోయిందో లేదో, మా పెద్దది గుమ్మంలో నిలబడి ప్రకటించింది.

“నానమ్మా, తమ్ముడు సకినాలు కప్పుకున్నడు.”

“పచ్చివి తింటే కడుపు నొస్తది, వద్దని జెప్పు బిడ్డా.”

“తింటలేడు నానమ్మా. కప్పుకున్నడు.”

చాయ్ గ్లాసులు ఎక్కడివక్కడ వదిలి హాల్లోకి ఉరికాం. వాడు అలవాటు ప్రకారం రగ్గు తన్నేశాడు. పైన ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. ఈ చలికాలంలో మొదటిసారి వాడికి చలి పుట్టింది. చెయ్యి చాపితే తాత పంచె తగిలింది. కొస పట్టుకుని రెండు పొర్లు పొర్లాడు. అంతే, పని పూర్తయింది. పంచె గడ్డం దాకా చుట్టుకుని ఉంది, సకినాలు లోపలున్నాయి, మావాడు వాటి మధ్యలో నవ్వుతూ నిద్రపోతున్నాడు. ఎడమ చెంప మీద అత్తమ్మ చుట్టిన సకినం ఒకటి నువ్వు గింజ కూడా చెదరకుండా అంటుకుని ఉంది. చెవి మీద ఇంకోటి. గుప్పిట తెరిచి చూస్తే గౌరమ్మ. వేళ్ళన్నీ పసుపు.

ముందుగా తేరుకున్నది అత్తమ్మే. “ఫ్యాను బందు జెయ్యుర్రి!”

మా ఆయన ఫోను పక్కన పెట్టి, “ఇప్పుడే చూసిన, మంచిగనే పండుకున్నడు” అన్నారు.

మామయ్య పంచె కేసి చూసి, మనవడి కేసి చూసి, అత్తమ్మ కేసి మాత్రం చూడకుండా, “నేను జెప్పలే? సలి పెడతదని జెప్పలే?” అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో అత్తమ్మ ముందు ఆయన మాట నెగ్గిన సాయంత్రం అదొక్కటే అనుకుంటా. అందుకని దాన్ని మూడు నాలుగుసార్లు అన్నారు.

ఇప్పుడు సమస్య. లేపితే గంట ఏడుస్తాడు. లేపకపోతే పిండి వాడి మీదే ఆరిపోతుంది. నేనూ అత్తమ్మా చెరో పక్క కూర్చుని, సన్నటి స్టీలు ప్లేటు ఒకటి పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కో సకినాన్ని తియ్యడం మొదలుపెట్టాం. పొట్ట మీదివి తేలిగ్గా వచ్చాయి. చంకలో ఉన్నదానికి వాడికి చక్కిలిగిలి పుట్టి మెలికలు తిరిగాడు, ఇంకో మూడు పోయాయి. పక్కింటి వదిన సాయం చెయ్యకుండా ఫొటోలు తీసింది. “వదినా, జర చెంప ఇటు తిప్పు, నువ్వులు కనవడ్తలేవు.”

చెంప మీది సకినం తీయబోతే వాడికి మెలకువ వచ్చింది. మా అందరి మొహాలూ చూశాడు. పంచెను ఇంకా గట్టిగా లాక్కుని, “మమ్మీ, నాకు సలి వెడ్తుంది” అన్నాడు. నవంబరు నుంచి నేను కాచుకుని కూర్చున్న మాట అది. వెంటనే స్వెటర్ తొడగాల్సిన మాట. ఒంటి నిండా పిండితో ఉన్నవాడికి ఏం తొడుగుతాం? బకెట్లో హీటర్ పెట్టి, రాత్రి ఎనిమిదింటికి, ఆ చలిలో తలస్నానం. వెంట్రుకల్లోంచి నువ్వులు ఏరేసరికి నా వీపు విరిగింది. ఎంత రుద్దినా ఓమ వాసన మాత్రం పోలేదు. “పోనియ్యి, ఓమ సర్దికి మంచిదే” అంది అత్తమ్మ.

మిగిలిన కథంతా వంటింట్లో నడిచింది. బట్ట రెండో సగంలో చెక్కుచెదరనివి ఉన్నాయి, వాటిని వేయించాం. మావాడి ఒంటి మీంచి, దర్రీ మీంచి తీసిన పిండిని పారేద్దామని నేనంటే అత్తమ్మ నా కేసి వింతగా చూసింది. “5 కిలోల కొత్త బియ్యం! పరాయోని ఒంటికి అంటిందా? మన పోరడే గదా! నూనెల వడ్డంక అన్ని ఒక్కటే.” దర్రీ నీలిపోగులు రెండు ఏరేసి, నీళ్ళు చిలకరించి మళ్ళీ పిసికి, మళ్ళీ చుట్టింది. అవి మాత్రం ఇంట్లోకే, బయటికి పోగూడదని వేరే డబ్బాలో పోసి, డబ్బాకు గుర్తుగా ఎర్ర దారం కట్టింది. దారం లేని డబ్బా కరీంనగర్‌లో ఉన్న మా ఆడబిడ్డకు.

పొద్దున బస్సు కార్గోలో వేసి రమ్మని మా ఆయనకు అప్పజెప్పాం. “దారం ఉన్నది వద్దు” అని అత్తమ్మ రెండుసార్లు చెప్పింది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా “దారం ఉన్నది, సరే” అన్నారు.

పండగ నాడు ఆడబిడ్డ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాం. మాట కంటే ముందు కరకర వినిపించింది. “అమ్మా, ఈసారి సకినాలు మస్తు కుదిరినయే! నోట్లె ఏసుకుంటె ఇరుగుతున్నయి. మా అత్తమ్మ అయితే ఒక్కతే సగం డబ్బా ఒడగొట్టింది. అవునే, డబ్బాకు ఎర్ర దారం ఎందుకు గట్టినవ్? దిష్టికా?”

అత్తమ్మ నన్ను చూసింది. నేను మా ఆయన్ను చూశాను. ఆయన మొట్టమొదటిసారి ఫోన్ చూడటం మానేసి గోడను చూశారు. ఈలోపు మా పెద్దది స్పీకర్ దగ్గరికి వంగింది.

“అత్తా, అవి తమ్ముడు పండుకున్న సకినాలు! స్నానం గూడ జెయ్యకముందు!”

అవతల కరకర ఆగింది. “ఏందే? ఏమంటుందే అది?”

అత్తమ్మ ఫోన్ లాక్కుంది. “దానికేం తెల్వదు బిడ్డా, ఊకెనే అంటది. నువ్వు తిను. మీ అత్తకు గూడ ఇంకో రెండు వెట్టు.”