పని చేసేది మన అమ్మాయిలు, పేరు ఇంకొకరిదా?

విదేశం నుంచి మళ్లీ ఒక ఫిల్మ్ స్కాలర్ వచ్చారు, తెలుగు మహిళా దర్శకుల మీద రీసెర్చ్ అట. యూనివర్సిటీ సెమినార్ హాల్లో శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, ఎంఓయూ (కలిసి పనిచేసే ఒప్పందం) మీద సంతకాలు అయ్యాయి, ఫొటోలు మా డెస్క్‌కి కూడా వచ్చాయి. ఇదంతా అందరికీ తెలిసిన తంతే. మాకు మండింది ఆ ఫొటోల్లో లేనివాళ్ల గురించి.

పాత సినిమావాళ్ల ఇళ్లకి తిరిగి, వాళ్లతో తెలుగులో మాట్లాడి, గంటలకొద్దీ రికార్డ్ చేసి, పాత సినిమా పత్రికలు దుమ్ము దులిపి, అదంతా ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చేది ఎవరు? డిపార్ట్‌మెంట్లో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలే కదా. రేపు రీసెర్చ్ పేపర్ అచ్చయ్యాక వాళ్ల పేర్లు ఎక్కడుంటాయి? అదృష్టం బాగుంటే చివర్లో థ్యాంక్స్ చెప్పే పేరాలో ఉంటాయి, లేకపోతే "లోకల్ అసిస్టెంట్లు" అని ఒక్క ముక్కతో సరి. ఇంతకీ ఆ రీసెర్చ్ దేని మీద? సినిమాల్లో ఆడవాళ్లు చేసిన పనికి పేరు దక్కలేదన్న దాని మీద! హిపోక్రసీ అంటే ఇదే.

ఆ అన్యాయం నిజం కాదని ఎవరూ అనట్లేదు. భానుమతి 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు, అయినా ఆమె అంటే మనకి ముందు గుర్తొచ్చేది పాటలూ పొగరూ. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీశారు, దానికి గాయని పి. లీల సంగీతం, అప్పట్లో అది ఎంత అరుదైన సంగతో ఆలోచించండి, కానీ సావిత్రిని మహానటి అన్న నోటితో దర్శకురాలు అన్నవాళ్లు ఎంతమంది? విజయనిర్మల 1973లో యద్దనపూడి నవలతో 'మీనా' తీసి, 44 సినిమాలు డైరెక్ట్ చేసి 2002లో గిన్నిస్‌కెక్కారు. ఇంత చేసినా ఆమెని కృష్ణగారి భార్యగానే పరిచయం చేసే యాంకర్లు ఉన్నారు. ఇవన్నీ రాయాల్సిందే. రాసే పద్ధతిలో మళ్లీ అదే అన్యాయం చేస్తేనే మాకు అభ్యంతరం.

బయటివాళ్లు రావడం వల్ల మన సినిమా ప్రపంచానికి తెలుస్తుంది, స్టూడెంట్లకి ఎక్స్‌పోజర్ వస్తుంది అంటారు, కాదనం. కానీ ఎక్స్‌పోజర్ పేరుతో ఊరికే పని చేయించుకోవడం సినిమా ఇండస్ట్రీకి బాగా అలవాటైన విద్య, దాన్ని యూనివర్సిటీలు కూడా నేర్చుకోవాలా?

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. పాత ప్రింట్లు చాలావరకు మన దగ్గర లేవు, కొన్ని రీళ్లు వాటిలో ఉండే వెండి కోసం కరిగించారు, కొన్ని వెనిగర్ వాసన కొట్టి కుళ్లిపోయాయి. పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో, అప్పటికే పోయింది పోయింది. కాబట్టి మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మనుషుల జ్ఞాపకాలే, అవి తెలుగులో ఉన్నాయి, అడిగే తీరు తెలిసినవాళ్లు అడిగితేనే బయటికొస్తాయి. అలాంటప్పుడు అడిగిన అమ్మాయి అసిస్టెంట్ ఎలా అవుతుంది, సగం రీసెర్చ్ ఆమెదే కదా. పైగా ఆ రికార్డింగులు స్కాలర్‌గారి ల్యాప్‌టాప్‌లో విమానం ఎక్కేస్తాయి, ఇక్కడ కాపీ కూడా ఉండదు, వచ్చిన పేపర్ డబ్బు కడితే గానీ ఓపెన్ కాదు. ఆ అమ్మాయి తను ట్రాన్స్‌లేట్ చేసిన మాటలు తనే చదువుకోలేని పరిస్థితి!

కేంద్రం 2015లో జ్ఞాన్ స్కీమ్, 2018లో స్పార్క్ స్కీమ్ పెట్టింది ఇలాంటి కొలాబరేషన్ల కోసమే. యూనివర్సిటీలకి గ్రేడ్లు ఇచ్చే న్యాక్ వాళ్లు ఎంఓయూలు కూడా లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి మనవాళ్లకి లెక్క మీదే ధ్యాస, లోపల ఏం రాశారో ఎవరికి కావాలి. కొలంబియా యూనివర్సిటీ సైలెంట్ సినిమాల కాలంనాటి ఆడవాళ్ల మీద నడుపుతున్న ప్రాజెక్టులో ఒక్కో వ్యాసానికీ రాసినవాళ్ల పేరు ఉంటుంది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు? అడగలేదు కాబట్టి. అడిగితే గెస్ట్ ఏమనుకుంటారో అని మొహమాటం, ఆ మొహమాటం ఖరీదు కట్టేది మాత్రం స్టూడెంట్లు. ఇప్పుడు ఊరుకుంటే తర్వాత వచ్చే ప్రతి స్కాలరూ పోయినసారి ఇలాగే జరిగింది కదా అంటారు, అప్పుడు ఏం సమాధానం చెప్తారు?

ఇంటర్వ్యూలు చేసి, ట్రాన్స్‌లేట్ చేసినవాళ్ల పేరు రచయితల్లో ఉండాలి, రికార్డింగుల కాపీ మన లైబ్రరీలో ఉండాలి, పని గంటలకి డబ్బు ఇవ్వాలి. ఈ మూడూ ఎంఓయూలో రాయించడానికి అరపేజీ చాలు. ఆ అరపేజీ అడగలేని వీసీలు, రిజిస్ట్రార్లు, డిపార్ట్‌మెంట్ హెడ్‌లు దయచేసి మార్చి 8న మైకు పట్టుకుని భానుమతి గురించి ఉపన్యాసాలు ఇవ్వకండి.