ట్యూబు కన్నా ముందు పట్టిక

హలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ సాపర్ల (సైన్యంలోని ఇంజనీర్ల దళం) కేంద్రం మొదలు, బెంగళూరులో సైనిక కుటుంబాలున్న చోటల్లా మన తెలుగువాళ్లున్నారు. ఒకే వారంలో పదిమందికి దద్దుర్లు లేస్తే అక్కడా జరిగేది తరచూ అదే: మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ ట్యూబు పూసేస్తారు. రెండు రోజులు దురద తగ్గుతుంది. తామరైతే అంచులు చెరిగిపోయి, మచ్చ మాత్రం పాకుతూనే ఉంటుంది. ఆపైన అది తామరేనని గుర్తుపట్టడం నిపుణులకే కష్టం.

ఎంఐ రూమ్‌లో, అంటే యూనిట్‌లో రోగులను చూసే గదిలో, ముందు రాయాల్సింది పట్టిక అని మా అభిప్రాయం. మంచం ఎక్కడ, దద్దుర్లు ఏ తేదీన మొదలయ్యాయి, ఒంట్లో ఏ చోట, కొత్త యూనిఫాం ఎప్పుడు తొడిగారు, సెలవు నుంచి ఎప్పుడొచ్చారు. క్వార్టర్లలోని ఆడవాళ్లనూ పిల్లలనూ వదలకూడదు. పరేడ్‌లో చేసే తనిఖీకి వాళ్లు దొరకరు.

చోటును బట్టి సగం తెలుస్తుంది. వేళ్ల సందులు, మణికట్టు, నడుము, రాత్రిపూట ఎక్కువయ్యే దురద అయితే గజ్జి. ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు అయితే మైదానంలోని వయ్యారిభామ కలుపు మొక్కను అనుమానించాలి. వానల్లో తెల్లారేసరికి మెడ మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చార, మంట ఉంటే లైటు చుట్టూ తిరిగే నారింజ-నలుపు పురుగును చూడండి. అది కుట్టదు. ఒంటి మీద నలిపితే దాని రసం తగిలి ఒకటి రెండు రోజుల్లో చర్మం పొక్కుతుంది. లెక్క కూడా తేలికే. లైటు కింద పడుకున్న 40 మందిలో 20 మందికి, దూరంగా ఉన్న 60 మందిలో 6గురికి వచ్చిందనుకోండి: 50 శాతం, 10 శాతం. అయిదు రెట్ల తేడా. అప్పుడు కావలసింది దోమతెర, రాత్రి లైటు ఆర్పడం, పూతమందు కాదు.

గజ్జి దగ్గరే తేదీలు మోసం చేస్తాయి. మొదటిసారి సోకినవాడికి దురద 4 నుంచి 6 వారాలకు గానీ మొదలవదు. అంచేత దురద లేనివాళ్లతో సహా బ్యారక్ మొత్తం, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి 5 శాతం పర్మెత్రిన్ (గజ్జి పురుగును చంపే పూతమందు) మెడ నుంచి పాదాల దాకా పూసుకుని, 8 నుంచి 14 గంటలుంచి కడగాలి; వారం తర్వాత మళ్లీ పూయాలి. పసిపిల్లలకూ గర్భిణులకూ డాక్టరు చెప్పినట్టే. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. మందు పనిచేసినా కొన్ని వారాలు దురద ఉంటుంది. అది చూసి మూడోసారి, నాలుగోసారి పూస్తే చర్మం మండి కొత్త దద్దుర్లు లేస్తాయి, పట్టిక మళ్లీ గందరగోళమవుతుంది. సెలవు మీద ఊళ్లో ఉన్న జవానుకూ ఆ రోజే ఫోన్ వెళ్లాలి. అతను రెండు వారాలకు తిరిగొచ్చి పడుకునేది ఆ బ్యారక్‌లోనే.