మారియో గడియారం మీద అయిదు నిందలు

నెల రోజులుగా మా విజయవాడ స్నేహితుల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకే ఫార్వర్డ్ తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. ఆఖరిసారి పంపింది పటమటలో ఉండే మా చిన్నాన్న కొడుకు. "అన్నయ్యా, ఎప్పుడూ ఆ పాత గేముల గురించే చెబుతావుగా, దీనికేమంటావు?" అని కింద ఒక ముక్క తగిలించాడు.

ఫార్వర్డ్ సారాంశం ఇది. ప్లాట్‌ఫామ్ గేముల్లో, అంటే మారియోలా గెంతుకుంటూ ముందుకు పోయే గేముల్లో, టైమ్ లిమిట్ పెట్టడం చేతకాని డిజైనర్ల పని. దానికి అయిదు కారణాలు. ఒకటి, అది బిళ్లలు వేసి ఆడే మిషన్ల నాటి దోపిడీ, ఇంటి గేముల్లోకి అలవాటుగా వచ్చేసింది. రెండు, గేమును కష్టం చేయడానికి అది బద్ధకస్తుల దారి. మూడు, చిన్న గేమును సాగదీయడానికి వాడారు. నాలుగు, చుట్టూ చూసి ఆనందించనివ్వదు. అయిదు, చివరికి మారియోని తయారుచేసే కంపెనీ నింటెండోయే 2023లో అందులోంచి టైమర్ తీసేసి తప్పు ఒప్పుకుంది.

ఇందులో మొదటిది సగం నిజం. నాలుగోదానికి కొంత పస ఉంది. మిగతా మూడూ ఆడకుండా రాసినవని నా అనుమానం.

మొదటిది, బిళ్లల సంగతి. 1981లో వచ్చిన డాంకీ కాంగ్ మిషన్‌లో బోనస్ అంకె తొలి లెవెల్లో 5000 నుంచి తగ్గుతూ వస్తుంది. సున్నాకి చేరితే మన మనిషి చచ్చిపోతాడు. ఒకడు మిషన్ ముందు ఊరికే నిలబడిపోతే యజమానికి డబ్బు రాదు కాబట్టి అలా పెట్టారంటే నేను కాదనను. కానీ మిగిలిన ఆ బోనస్సే స్కోరులో కలుస్తుంది. అంటే అది బెదిరింపూ, బహుమతీ రెండూ. ఫార్వర్డ్ రాసినాయన మొదటి సగం చూసి ఆగిపోయాడు.

మరుసటి ఏడాది, 1982లో, అటారీ 2600 అనే గేమ్ పెట్టె కోసం డేవిడ్ క్రేన్ పిట్‌ఫాల్ చేశాడు. అది ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే క్యాసెట్. బిళ్ల వేసే కన్నమే లేదు. అయినా 20 నిమిషాల గడియారం ఉంది. అడవి మొత్తం 255 తెరలు, అందులో 32 నిధులు. నేల కింద సొరంగంలో దిగితే ఒక తెర దాటేసరికి పైన మూడు తెరలు దాటినట్టు. అయితే సొరంగంలో కొన్ని చోట్ల గోడ అడ్డొస్తుంది, వెనక్కి రావాలి. ఆ 20 నిమిషాలు తీసేసి చూడండి. ఎడమకి తిరిగి, గుంటలు మొసళ్లు దాటుకుంటూ, వరసగా 255 తెరలూ నడిచేస్తే నిధులన్నీ మీవే. సొరంగంతో పనే లేదు. గడియారం ఉంది కాబట్టే ఎక్కడ దిగాలి, ఎక్కడ ఎక్కాలి అన్న లెక్క పుట్టింది. ఆ గేమ్ అంటేనే ఆ లెక్క.

ఇంకో వైపు నుంచి కూడా చూడొచ్చు. మిషన్ల అలవాటు కొద్దీ వచ్చిందే అయితే ఇంటి గేములన్నిటికీ రావాలిగా. 1987 నాటి మెగా మ్యాన్‌లో టైమర్ లేదు. దాన్ని ఆడినవాడెవడూ అది తేలికని అనడు. పెట్టినవాళ్లు ఆలోచించి పెట్టారు, వద్దనుకున్నవాళ్లు ఆలోచించే వద్దనుకున్నారు.

ఇక్కడ మా షాపు సంగతి చెప్పాలి. తొంభైల్లో సత్యనారాయణపురంలో మా వీధి చివర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు పెట్టెలు, గోడకి ఒక గడియారం. గంటకి పది రూపాయలు. ఓనరు నోట్‌బుక్కులో పేరూ, కూర్చున్న టైమూ రాసుకునేవాడు. మారియో చచ్చినా బతికినా ఆయనకి వచ్చేది పది రూపాయలే. తెర మీద టైమ్ అంకె 400 నుంచి తగ్గుతుంటే గోడ మీద ముల్లు తన పని తాను చేసుకుపోయేది. మాకు భయం ఆ గోడ గడియారమంటేనే. అయిదు నిమిషాలు ఎక్కువైతే రెండు రూపాయలు అదనం. దోపిడీ అనే మాట వాడాలంటే దానికి వాడొచ్చు.

రెండో నింద, కష్టం చేయడానికని. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే లెక్క వేస్తే ఇది నిలబడదు.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ తీసుకోండి. మొదటి లెవెల్, అంటే 1-1లో, టైమ్ అంకె 400. అవి సెకన్లు కావు. తెర మీద బొమ్మ 24 సార్లు మారితే ఒక అంకె తగ్గుతుంది. సెకనుకు 60 సార్లు మారే జపాన్, అమెరికా పెట్టెల్లో ఒక్కో అంకె సెకనులో 0.4 వంతు. 400 అంటే 160 సెకన్లు, రెండు నిమిషాల నలభై సెకన్లు. మన టీవీలు అప్పట్లో పాల్ (PAL) అనే ప్రసార పద్ధతివి. సెకనుకు 50 చొప్పున నడిచే క్లోన్ (నకలు) పెట్టె అయితే అదే 400 మూడు నిమిషాల పన్నెండు సెకన్లు అవుతుంది. పాట కూడా ఆ మేరకు నిదానిస్తుంది. తర్వాత ఎప్పుడో అసలు వేగంలో ఆ పాట విన్నప్పుడు ఎవరో తొందరపడి వాయించారేమో అనుకున్నాను.

1-1ని కొత్తవాడు కూడా ఈ టైములో సగంలో దాటేస్తాడు. లేదా గుంటలో పడతాడు, లేదా గూంబా అనే మొదటి శత్రువుకే తగులుతాడు. టైమ్ అయిపోయి చచ్చినవాణ్ణి ఆ షాపులో నేను చూసింది చాలా తక్కువ. కష్టం పెంచడమే పనైతే ఇంత వదులుగా ఎవరూ కట్టరు.

మరి దాని పనేంటి? అంకె 100కి రాగానే ఒక చిన్న హెచ్చరిక మోగి, అదే పాట వేగం పుంజుకుంటుంది. శత్రువులు పెరగరు, గుంటలు వెడల్పవవు, మారియో వేగం మారదు. మారేది మన చెయ్యి. మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. పోయిన ఎండాకాలం సెలవుల్లో మొదటిసారి ఆడించాను. అప్పటిదాకా సోఫాలో పడుకుని ఆడుతున్నవాడు ఆ పాట మారగానే లేచి నిలబడ్డాడు. నిదానంగా దూకిన గుంటనే పరుగెత్తి దూకాడు, పడ్డాడు. వాణ్ణి చంపింది గడియారం కాదు, వాడి టెన్షన్. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని చేయించిన డిజైన్‌ని బద్ధకం అనడం అన్యాయం.

లెవెల్ చివర జెండా పట్టుకున్నాక మిగిలిన ఒక్కో అంకెకీ 50 పాయింట్లు. చివరి అంకె 1, 3, 6లలో ఏదైనా అయితే ఆ అంకె ఎంతో అన్నే బాణసంచాలు పేలతాయి, ఒక్కోదానికి 500. ఇది తెలిసిన రోజు నుంచి మేం జెండా ముందు మెట్ల మీద నిలబడి, 6 రావడానికి ఒక అంకె ముందు దూకడం మొదలుపెట్టాం. తొందరపెట్టడానికి పెట్టారంటున్న గడియారం కోసం మేం ఆగి చూసేవాళ్లం!

ఇంకో పని కూడా ఉంది, అది బయటికి కనిపించదు. 4-4, 7-4 కోటల్లో తప్పు దారిలో వెళ్తే అదే చోటు మళ్లీ మళ్లీ వస్తుంది. గడియారం లేకపోతే దారి తప్పినట్టు చాలామందికి తెలియనే తెలియదు. 1-2 చివర గోడలోంచి దూరిపోయే ఒక లోపం ఉంది. క్యాసెట్ వెర్షన్‌లో అలా దూరి పైపులో దిగితే అంతులేని నీళ్ల లెవెల్లో పడతారు. చివరి పైపు మళ్లీ మొదటికే తెస్తుంది. శత్రువులకి దొరక్కుండా ఈదుకుంటూ పోతే అక్కడి నుంచి బయటపడేసేది టైమ్ అప్ ఒక్కటే. దారి లేని చోట గడియారమే తలుపు.

ఫార్వర్డ్‌లో ఇక్కడే ఒక వాక్యం ఉంది, టైమర్ అంటే ఆటని పరీక్ష హాలు చేయడమేనని. ఆ బాధ ఎక్కడిదో నాకు అర్థమైంది. మా ఊరి కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ చదివినవాడికి తగ్గే అంకె కనిపిస్తే ఎంసెట్టే (ఇప్పటి ఈఏపీసెట్) గుర్తొస్తుంది. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. కానీ ఆ హాల్లో పది నిమిషాలు మిగిలితే ఒక్క మార్కు కూడా కలవదు. చివరి ముప్పావు గంటలో పాట మారి మనల్ని లేపేవాడూ ఉండడు.

మూడోది, సాగదీయడం. దీనికి ఒక్క గేము చాలు. 1989లో జోర్డాన్ మెక్నర్ చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా. మనలో చాలామంది కంప్యూటర్ క్లాసులో సార్ చూడకుండా ఆడిందే. రాకుమారికి వజీరు జాఫర్ ఇచ్చిన గడువు ఒక గంట, మనకి ఆట మొత్తానికి 60 నిమిషాలు. ప్రాణాల లెక్క లేదు. ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ మొదటికి వస్తాం, గంట మాత్రం వెనక్కి రాదు. కత్తుల మీద పడ్డా, గచ్చు కూలి కిందపడ్డా ఖర్చయ్యేది నిమిషాలే. స్పేస్ నొక్కితే ఎన్ని మిగిలాయో కింద కనిపిస్తుంది. మూడో లెవెల్‌ని ఇరవై నిమిషాల్లో ముగించి సేవ్ చేసుకుని, మర్నాడు వచ్చి ఇది చాలదని తెలిసి మళ్లీ మొదలుపెట్టడం నాకు బాగా గుర్తు. సాగదీసినట్టే అనిపిస్తుంది కదా? కానీ ఆ గంట తీసేస్తే చావుకి ధర ఉండదు, కథలో ఇసుక గడియారానికి అర్థం ఉండదు. కథలోని గడువూ, తెర మీది గడువూ ఒకటే అయిన గేములు ఎక్కువ లేవు.

నాలుగోది, చూడనివ్వదు అన్నది. దీంట్లో పస ఉందన్నాను. 1991లో మొదలైన తొలి సోనిక్ గేముల్లో ఒక్కో యాక్ట్‌కి పది నిమిషాలు. మొదటి గేములో అది ఎవరికీ అడ్డు రాదు. 1994 నాటి సోనిక్ అండ్ నకిల్స్‌కి వచ్చేసరికి లెవెళ్లు పెద్దవయ్యాయి, పది నిమిషాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. శాండోపొలిస్ రెండో యాక్ట్‌లో పిరమిడ్ లోపల దారులు వెతుక్కుంటూ తిరిగితే టైమ్ ఓవర్ పడుతుంది. దెబ్బ నుంచి కాపాడే రింగులు ఎన్నున్నా లాభం లేదు. ఇది చెడ్డ డిజైనే, ఒప్పుకుంటాను.

చిత్రం ఏమిటంటే మంచి గడియారం కూడా అదే యాక్ట్‌లో ఉంది. లోపల వెలుతురు మెల్లగా తగ్గిపోతుంది, చీకటి పడే కొద్దీ దెయ్యాలు పెద్దవై మీద పడతాయి. పైనుంచి వేలాడే పిడి పట్టుకుని లాగితే మళ్లీ వెలుగు. దానికి అంకెలుండవు, గోడల రంగు చూసి తెలుసుకోవాలి. ఒకటి ఆటని బయటి నుంచి నరుకుతుంది, ఇంకొకటి ఆట లోపలే ఉంటుంది. కాబట్టి అడగాల్సింది గడియారం ఉందా లేదా అని కాదు. అది దేన్ని కొలుస్తోంది, అయిపోతే ఏమవుతుంది అని.

2001 నాటి వారియో ల్యాండ్ 4లో లోపలికి వెళ్లేటప్పుడు టైమరే లేదు. ఎంతసేపైనా వెతుక్కోండి. లోపల ఒక కప్ప బొమ్మ స్విచ్ తొక్కగానే గడియారం మొదలవుతుంది, వచ్చిన దారినే పరుగెత్తాలి. ఇందాక తీరిగ్గా చూసిన గోడలూ మెట్లూ ఇప్పుడు గుర్తుంటేనే బయటపడతాం. టైమ్ అయిపోతే వెంటనే చావడు, పోగేసిన నాణేలు కరిగిపోవడం మొదలవుతుంది. వారియో లాంటి పిసినారికి అంతకన్నా శిక్ష ఏముంది? చూడటాన్ని చంపడం మాట అటుంచి, చూసినందుకు ఇక్కడ జీతం ఇస్తున్నారు.

2012 నాటి స్పెలంకీలో ఒక లెవెల్లో రెండున్నర నిమిషాలు దాటితే ఒక దెయ్యం బయల్దేరుతుంది. దాన్ని చంపలేం, తగిలితే పోయినట్టే. అయితే అది రత్నాల మీదుగా పోతే అవి వజ్రాలవుతాయి. అందుకని ఆరితేరినవాళ్లు కావాలనే కూర్చుని దాని కోసం ఎదురుచూస్తారు. టైమ్ అయిపోవడమే వాళ్లకి ఆట మొదలు.

అయిదోది, నింటెండో తప్పు ఒప్పుకుందని. 2023 నాటి సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో మామూలు లెవెళ్లకి టైమర్ లేదు, నిజమే. కానీ 1996లోనే సూపర్ మారియో 64లో లెవెల్ టైమర్ లేదు. పదేళ్ల తర్వాత, 2006లో న్యూ సూపర్ మారియో బ్రదర్స్‌లో మళ్లీ పెట్టారు. 2013లో సూపర్ మారియో త్రీడీ వరల్డ్‌లోనూ ఉంది. అదే కంపెనీ 1995 నాటి యోషీస్ ఐలాండ్ అయితే లెవెల్ గడియారం తీసేసి, దెబ్బ తగిలినప్పుడు మాత్రమే నడిచే గడియారం పెట్టింది. యోషీ వీపు మీది పసి మారియో బుడగలో ఎగిరిపోయి ఏడుస్తుంటాడు, అంకె సున్నా కాకముందే పట్టుకోవాలి. ఒప్పుకోవడమైతే ఇన్నిసార్లు మాట మార్చి ఒప్పుకోరు. వండర్‌లో ప్రతి మూలా వెతికి తీయాల్సిన వింతలే, అక్కడ గడియారం అడ్డం. పెద్దవాళ్లకీ, చేతులు అంత చురుగ్గా కదలనివాళ్లకీ మిగతా గేముల్లో కూడా దాన్ని ఆపుకునే వీలుంటే బాగుంటుందని ఫార్వర్డ్ అడిగి ఉంటే నేనే నలుగురికి పంపేవాణ్ణి.

ఇదంతా మా తమ్ముడికి వాయిస్ మెసేజ్‌లో చెబుతుంటే మేనల్లుడు పక్కనే ఉన్నాడు. వాడిప్పుడు మారియో మేకర్‌లో సొంత లెవెళ్లు కడుతున్నాడు. మొన్న ఒకటి కట్టి, టైమ్ అందులో ఉన్నంతా, 500, పెట్టి నాకిచ్చాడు. నేను ప్రతి ఇటుకా కొట్టుకుంటూ, ప్రతి పైపులో దూరుకుంటూ తిరుగుతున్నాను. వెనక నిలబడి కాసేపు ఓపిక పట్టాడు.

"మావయ్యా, నువ్వు మరీ ఊరేగుతున్నావు" అని కంట్రోలర్ లాక్కుని, టైమ్ 60కి దించాడు. నాకు ఆ దూకుడు కుదరలేదు. వాడికీ కుదరలేదు. కట్టినవాడు తనే ఒకసారి పూర్తి చేస్తే తప్ప లెవెల్‌ని అప్‌లోడ్ చేయనివ్వరు. రాత్రి అన్నానికి పిలిచేదాకా దాంతోనే కుస్తీ పట్టి, ఆఖరికి 90 పెట్టాడు.