సవరణ: రొటేషనల్ మోల్డింగ్‌లో ప్లాస్టిక్ గోడకు ఎలా అంటుకుంటుంది?

నీళ్ల ట్యాంకుల తయారీ గురించిన గత టపాలో, అచ్చు తిరిగే వేగానికి ప్లాస్టిక్ దాని గోడలకు విసురుగా అతుక్కుంటుందన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోగలరు. ఆ ట్యాంకులను తయారుచేసే రొటేషనల్ మోల్డింగ్ పద్ధతిలో అచ్చు ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు అక్షాల మీద, సాధారణంగా నిమిషానికి 20 చుట్లు మించకుండా తిరుగుతుంది కాబట్టి అక్కడ అపకేంద్ర బలం (తిరిగేటప్పుడు బయటి వైపుకు విసిరే బలం) లెక్కలోకి రాదు. లోపల పోసిన పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పొడి తన బరువుకే ఎప్పటికప్పుడు అడుగుకు జారుతూ, 300 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉండే ఓవెన్‌లో కాలిన లోహపు గోడ తగిలిన చోటల్లా కరిగి, పొర మీద పొరగా పేరుకుంటుంది. సగటు మందాన్ని తేల్చేది పొడి తూకమే తప్ప వేగం కాదు. చల్లార్చేటప్పుడు కూడా తిప్పడం ఆపకూడదు. ఆపితే కరిగిన పదార్థం కిందికి జారుతుంది.

అపకేంద్ర బలం నిజంగా పనిచేసేది స్పిన్ కాస్టింగ్‌లో. అందులో గుండ్రని రబ్బరు అచ్చు ఒకే అక్షం మీద నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంటే, నడిమి రంధ్రంలో పోసిన పాలియురెథేన్ రెసిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్) సన్నని కాలువల గుండా అంచుల వైపు దూసుకుపోయి గుంటలను నింపుతుంది. చిన్న చిన్న బొమ్మలు, గుండీల వంటివాటికి అది బాగుంటుంది గానీ ఇంటిమీది ట్యాంకుకు పనికిరాదు.

ట్యాంకు ముక్కను కోసి చూసినప్పుడు కోతలో సన్నని బుడగలు గుంపుగా కనిపిస్తే, సాధారణంగా ఓవెన్‌లో వేడి చాలలేదని అర్థం, వేగాన్ని తప్పుపట్టనక్కరలేదు.