భువన విజయం ఆడే పిల్లలకు హంపీ చూపిద్దాం

ఉగాది వచ్చిందంటే మన తెలుగు సంఘాల్లో శ్రీకృష్ణదేవరాయల కొలువును చూపే భువన విజయం నాటకం ఆడటం ఆనవాయితీ. రాయలవారు సింహాసనం మీద కూర్చుంటారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి వరసగా వచ్చి పద్యాలు చదువుతారు, రామకృష్ణుడు అందర్నీ నవ్విస్తాడు. విదేశంలో పుట్టిన పిల్లలు వారాల తరబడి సాధన చేసి ఆ సమాసాలను తడబడకుండా చదువుతుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి. ఆ పిల్లలే సెలవులకు ఇండియా వెళ్తారు. హైదరాబాదులో బంధువుల ఇళ్ళు, తిరుపతి, షాపింగు, ఒక పెళ్ళి, అంతటితో సెలవులు అయిపోతాయి. రాయలు ఏలిన ఊరు హంపీ వాళ్ళ లిస్టులో ఉండదు. ఉన్నా మంత్రాలయం దర్శనం అయ్యాక ఒక పూట. విరూపాక్షుడికి దణ్ణం పెట్టుకుని, రాతి రథం ముందు ఫొటో దిగి బండెక్కేస్తారు.

ఒక పూట చాలదు. కనీసం మూడు రోజులు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. గుళ్ళు మాత్రమే చూడాలనుకుంటే ఎలాగో సర్దుకోవచ్చు గానీ, అక్కడ ఉన్నది విజయనగరం అనే ఒక మహానగరం. రాయల కాలంలో, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ ఒక కొండెక్కి చూసి, కనిపించినంత మేరకే ఊరు రోము అంత పెద్దదిగా ఉందని రాశాడు. ఆ నగరంలో జనం ఎలా బతికారో, నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో, ఏ దేశాలవాళ్ళు తిరిగారో తెలిస్తేనే మన స్టేజీ మీద రాయలు పిల్లలకు నిజమైన మనిషిగా తోస్తాడు.

ముందుగా రాజప్రాసాదాల ఆవరణకు తీసుకెళ్ళండి. అక్కడ నూరు స్తంభాల మండపం అని చూపిస్తారు. అది రాజు కొలువుతీరిన చోటని చెబుతారు. వెళ్ళి చూస్తే స్తంభాలుండవు. ఎత్తైన రాతి అరుగు, దాని మీద వరసలు వరసలుగా స్తంభాలు నిలిపిన గుర్తులు మాత్రం ఉంటాయి. పక్కన రాతి మెట్లు పైకి వెళ్తాయి, పై అంతస్తు మాత్రం లేదు. గుళ్ళను రాతితో కట్టారు, రాజభవనాల పైభాగాలను చెక్కతో కట్టారు. 1565లో దక్కన్ సుల్తానులతో జరిగిన రాక్షసి తంగడి యుద్ధంలో, అప్పట్లో రాజ్యాన్ని నడిపిన రాయల అల్లుడు అళియ రామరాయలు చనిపోయాక నగరాన్ని దోచుకుని తగలబెట్టారు. చెక్క బూడిదైంది, రాయి మిగిలింది. పద్యం చదివే పిల్లవాణ్ణి ఆ అరుగు మీద నిలబెట్టి అక్కడే చదవమనండి. అక్కడ వచ్చే గొంతు ఏ ఆడిటోరియంలోనూ రాదు.

అక్కడికి నాలుగడుగుల్లో మెట్ల కోనేరు ఉంది. 1980లలో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాతి మెట్లు అయిదు అంచెలుగా, ముగ్గు వేసినట్టు దిగుతాయి. వంగి దగ్గరగా చూస్తే రాళ్ళ మీద చిన్న అక్షరాలు, గీతలు కనిపిస్తాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరసలో పెట్టాలో పనివాళ్ళు వేసుకున్న గుర్తులవి. రాళ్ళను వేరేచోట చెక్కి తెచ్చి, ఈ గుర్తుల ప్రకారం ఇక్కడ పేర్చారు. హంపీ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. అష్టదిగ్గజాల పేర్లు మనకు నోటికొచ్చు. ఈ రాళ్ళు చెక్కినవాళ్ళలో ఒక్కరి పేరూ తెలియదు, వాళ్ళ చేతిరాత మాత్రం అయిదు వందల ఏళ్ళ తర్వాత కూడా ఉంది. కోనేటిదాకా నీళ్ళు తెచ్చిన రాతి తొట్టెల వరస కూడా అక్కడే ఉంది. రాయలు తవ్వించిన ఒక పెద్ద చెరువు దగ్గర పదిహేను, ఇరవై వేలమంది చీమల్లా పనిచేస్తుండగా చూశానని పేయిస్ రాశాడు. ఆనాటి కాలువల్లో కొన్ని ఈరోజుకీ అరటితోటలకు, వరి పొలాలకు నీళ్ళు ఇస్తున్నాయి. పిల్లలకు ఇది చెప్పకుండా ఏనుగుశాల, లోటస్ మహల్ చూపించి వచ్చేస్తే ఎలా?

రాయలు తెలుగువాడా, కన్నడిగుడా, తుళువా అన్న వాదన మన వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. హంపీలో ఒక రోజు తిరిగితే ఆ వాదన చిన్నదైపోతుంది. రెండో హరిహరరాయల మంత్రి ఇరుగప్ప 1385లో కట్టించిన జైన మందిరం రోడ్డు పక్కనే ఉంది. కృష్ణదేవరాయలకు ముందటి రాజు రెండో దేవరాయల కొలువులో సైనికాధికారి అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు ఉంది, తన రాజుకు పుణ్యం కలగాలని కట్టించినట్టు అక్కడ శాసనం ఉంది. దసరా ఉత్సవాలకు వేదికైన ఎత్తైన రాతి కట్టడం మహానవమి దిబ్బ గోడల మీద వేట, నాట్యం, గుర్రాలు తోలుకొచ్చిన విదేశీయులు కనిపిస్తారు. శాసనాలు కన్నడంలో, తెలుగులో, తమిళంలో, సంస్కృతంలో ఉన్నాయి. పరాయి దేశంలో నలుగురితో కలిసి బతుకుతున్న మనకంటే ఈ సంగతి ఎవరికి బాగా అర్థమవుతుంది? మన రాయలు అని గర్వపడదాం, తప్పేం లేదు. పక్కవాడూ మా రాయలు అంటే సంతోషిద్దాం.

తెలుగు నేలతో సంబంధం చూడాలంటే కృష్ణాలయం దగ్గర కాసేపు ఆగాలి. నెల్లూరు సీమలోని ఉదయగిరి కోటను ఒరిస్సా గజపతి రాజుల నుంచి గెలుచుకున్న రాయలు, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి 1515లో ఈ గుడిలో ప్రతిష్ఠించాడు. గోపురం మీద గచ్చుతో చేసిన యుద్ధ దృశ్యాలు కొన్ని మిగిలాయి, తలెత్తి వెతకాలి. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. టూరిస్టు బస్సులు చాలావరకు ఇక్కడ ఆగకుండానే వెళ్ళిపోతాయి.

రాతి రథాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. విఠలాలయానికి బ్యాటరీ బండి ఎక్కకుండా, పొద్దున్నే ఏటి ఒడ్డున నడిచి వెళ్ళమంటాను. దారిలో కోదండరాముడి గుడి, రాజుల తులాభారం కమాను వస్తాయి. రథం ముందున్న ఏనుగుల వెనక్కి వెళ్ళి చూస్తే, మొదట అక్కడ ఉన్న గుర్రాల ఆనవాళ్ళు కనిపిస్తాయి. రథం పైన ఒకప్పుడు ఇటుక శిఖరం ఉండేది, 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఫొటోలో అది కనిపిస్తుంది. సంగీత స్తంభాలను మాత్రం ఎవరు చెప్పినా కొట్టకండి. వందల ఏళ్ళ రాయి వేళ్ళ దెబ్బలకు అరిగిపోతోంది.

కొన్ని సలహాలు. మే నెలలో వెళ్ళకండి, బండల వేడికి పిల్లలు తట్టుకోలేరు. మొదట కమలాపురం మ్యూజియంలో ఊరి నమూనా చూస్తే ఏది ఎక్కడుందో తెలుస్తుంది. ఒక సాయంత్రం తుంగభద్ర దాటి అవతలి ఒడ్డున ఉన్న పాత కోట ఊరు ఆనెగొంది వెళ్ళండి. బళ్ళారి సీమలో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు, తెలుగులో చెప్పే గైడును అడిగి కుదుర్చుకుని, బేరం ఆడకుండా పూర్తి రోజుకు డబ్బులివ్వండి.

అంత టైము నిజంగానే లేనివాళ్ళు తిరుపతి ఎలాగూ వెళ్తారు కదా. తిరుమలలో మహాద్వారం దాటగానే ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయల లోహ విగ్రహం ఉంటుంది, క్యూ తోపులాటలో పిల్లలకు అది చూపించండి. కొండ దిగాక చంద్రగిరి కోటకు వెళ్ళండి. పెనుకొండ తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు అది, రాజమహల్ ఇంకా నిలిచే ఉంది. వచ్చే ఉగాదికి వేషం కట్టే పిల్లల తల్లిదండ్రులు ఈ సెలవుల టికెట్లు బుక్ చేసేటప్పుడే ఆ మూడు రోజులు పక్కన పెట్టాలని, వెళ్ళొచ్చిన పిల్లలకు నాటకానికి ముందు స్టేజీ మీద తాము చూసింది చెప్పుకునే పది నిమిషాలు మన కార్యవర్గం కేటాయించాలని కోరుతున్నాను.